చూడి గుర్రాలకు లాయం ఎంపిక: అర్థశాస్త్ర ప్రమాణాల పరిశీలన

కీలకపదాలు: అర్థశాస్త్రం, అశ్వాధ్యక్షుడు, లాయం, చూడి గుర్రం, కిశోరం.

ప్రవేశిక

చూడి గుర్రాన్నీ, ఎదిగే పిల్లలనూ పరుల లాయంలో ఉంచదలచిన యజమాని అక్కడ ముందుగా ఏమి చూడాలి? అర్థశాస్త్రం రెండవ అధికరణంలోని అశ్వాధ్యక్ష ప్రకరణం రాజాశ్వశాలను ఉద్దేశించినదే. అయినా ఈ ప్రశ్నకు పనికివచ్చే ప్రమాణాలు అందులో ఉన్నాయి. కొంతకాలం మాత్రమే ఉండే గుర్రాలను ‘యావత్కాలికం’ అని అది ప్రత్యేకంగా పేర్కొంటుంది.

1. ఏకాంతం

ప్రతి గుర్రానికీ దాని పొడవుకు సమానమైన చతురస్ర స్థలం, నున్నని పలకల నేల, మేతతొట్టి ఉండాలి. ఆడగుర్రాలకూ, మగగుర్రాలకూ, పిల్లలకూ విడివిడి చోట్లు కల్పించాలి. ఇందుకు కారణాన్ని గ్రంథం చెప్పదు. కనుక అంటువ్యాధుల జ్ఞానాన్ని దానికి ఆపాదించరాదు. ఆ కారణాన్ని ఆధునిక పశువైద్యం చూపుతుంది. అశ్వ హెర్పిస్ వైరస్-1 లేత గుర్రాల్లో జలుబులా వచ్చిపోవచ్చు. చూడి గుర్రానికి సోకితే చివరి నెలల్లో గర్భస్రావం కావచ్చు. పదకొండు నెలల నిరీక్షణ వ్యర్థమవుతుంది. కొత్తగా వచ్చిన గుర్రాన్ని కనీసం మూడు వారాలు విడిగా ఉంచని లాయం, ఎన్ని హంగులున్నా, చూడి గుర్రానికి తగదు.

2. ఈత, మేత

ఈనిన గుర్రానికి మూడు రాత్రులు ప్రస్థం నెయ్యి, ఆపై పది రాత్రులు పేలపిండి, ఔషధాలు విధించారు. పిల్లకు పది రోజుల తర్వాత ఆరు నెలల వరకు నెయ్యి కలిపిన పిండి, పాలు. అటుపై క్రమంగా పెరిగే యవలు. నాలుగైదేళ్ళకే అది పనికి యోగ్యం. నేడు ఈ నేతి పరిమాణం అనుసరణీయం కాదు. వయోదశను బట్టి మేత మారాలన్న సూత్రం అనుసరణీయం.

గుర్రాలు ఎక్కువగా రాత్రివేళ ఈనుతాయి. పిల్ల సుమారు గంటలో లేచి, రెండు గంటల్లో జున్నుపాలు తాగాలి. మావి మూడు గంటలైనా పడకపోతే వైద్యుణ్ణి పిలవాలి. కాబట్టి రాత్రి కాపలా ఎవరిదన్న ప్రశ్న తప్పనిసరి.

3. లేఖనం, నివేదన

గుర్రం కులం, వయస్సు, రంగు, గుర్తులు, వచ్చిన విధం రాయించాలనీ, రోగగ్రస్తమైనవాటిని నివేదించాలనీ ప్రకరణం ఆదేశిస్తుంది. నేటి యజమాని టీకాల, నులిపురుగుల మందుల పుస్తకాన్ని అడిగి చూడాలి. అంతకంటే ముఖ్యంగా, లాయంలో గర్భస్రావం జరిగితే మిగతా యజమానులకు ఎంత త్వరగా తెలియజేస్తారో విచారించాలి.

ముగింపు

ఎడం, వయోదశకు తగిన పోషణ, దాచని లెక్క: ఈ మూడూ లాయాన్ని పరీక్షించే ప్రమాణాలు. వీటిలో మొదటిది లోపిస్తే తక్కిన రెండూ కడుపులోని పిల్లను కాపాడలేవు. ప్రాచీన శాస్త్రగ్రంథాల్లోని మందుల మోతాదులకంటే వాటి నిర్వహణ సూత్రాలే నేటి పరిశోధకునికి ఎక్కువ ఉపకరిస్తాయని ఈ ప్రకరణం నిరూపిస్తున్నది.