ఎండ తగిలిన పాలు – వెలుగు చేసే పని



మేము తనిఖీకి వెళ్ళిన ఒక సంఘంలో ఒక సభ్యురాలి మీద ఫిర్యాదు వచ్చింది. ఆమె ఊళ్ళో వాడుకగా పోసే పాలలో ఏదో కలుపుతున్నదని ఆరోపణ. చూడగా పాలు పులవలేదు, విరగలేదు, లాక్టోమీటరు రీడింగు సరిగానే ఉన్నది. కాని కాలిన ఈక వంటి వాసన. విచారించగా, లోపలి పాలు కనబడే ప్లాస్టిక్ సీసాలో పోసి, వాడుకవారు వచ్చేవరకు అరుగు మీద ఎండలో ఉంచుతున్నారని తేలింది. ఆమె ఏమీ కలపలేదు. ఆ వాసన ఎండ వెలుగు వలన వచ్చినది. అది ఎలాగో అందరూ తెలుసుకొనుట మంచిది.

ఏ పదార్థమూ తన మీద పడిన వెలుగునంతా పీల్చుకోదు. అణువులలో శక్తి నిచ్చెన మెట్ల వలె ఉంటుంది. కింది మెట్టు నుండి పై మెట్టుకు సరిపడే వెలుగునే అణువు పుచ్చుకుంటుంది. పాలలోని వెన్న బిందువులు, కేసిన్ రేణువులు కంటికి కనబడే వెలుగును దాదాపు పీల్చుకోక, అన్ని వైపులకు చెదరగొడతాయి. అందుకే పాలు తెలుపు. ఆవుపాలలోని కెరోటిన్ నీలి వెలుగును పీల్చుకుంటుంది గనుక అవి పసుపు ఛాయగా ఉంటాయి.

పై మెట్టెక్కిన అణువు అక్కడ నిలువలేదు. పుచ్చుకున్న శక్తిని వేడిగానో, తిరిగి వెలుగుగానో వదులుతుంది, లేదా పక్క అణువుకు అప్పగిస్తుంది. పాలలోని బి-2 విటమిన్, అనగా రైబోఫ్లేవిన్, ఈ మూడు పనులూ చేస్తుంది. ఇది సుమారు 450 నానోమీటర్ల నీలి వెలుగును పీల్చుకొని, కొంత శక్తి వేడిగా పోగా, సుమారు 530 నానోమీటర్ల పచ్చని వెలుగును విడుస్తుంది. పెరుగు మీద తేరిన నీటిలో కనబడే పసుపుపచ్చ ఛాయ దీనిదే.

చిక్కు మూడవ పనితో వస్తుంది. పాలలో కరిగియున్న ఆక్సిజనుకు ఆ శక్తి అందితే అది చురుకై మాంసకృత్తులను, వెన్నను దెబ్బతీస్తుంది. మాంసకృత్తులలోని మెథియొనిన్ మార్పు చెంది చెడు వాసన పుడుతుంది. రైబోఫ్లేవిన్ కూడా నశిస్తుంది. పాలు మరగబెట్టినంత మాత్రాన పోయిన విటమిన్ గాని, రుచి గాని తిరిగి రావు.

కావున సభ్యులు గమనించవలసినవి:

1. పాలను మూతగల స్టీలు లేదా అల్యూమినియం పాత్రలోనే ఉంచాలి. లోహం గుండా వెలుగు పోదు.

2. మూత ఉన్నను నీడ తప్పదు. ఎండ వేడికి పాలు త్వరగా పులుస్తాయి.

3. గాజు, ప్లాస్టిక్ సీసాలలో పోయవలసి వస్తే ఎండ, ట్యూబులైటు వెలుగు తగలకుండా గుడ్డ కప్పాలి.

4. వాసన వచ్చినంతనే కల్తీ అని నిర్ణయించక, పాలు ఎక్కడ, దేనిలో ఉంచారో కార్యదర్శులు ముందు విచారించాలి.

ఆ సభ్యురాలి మీది ఫిర్యాదును కొట్టివేసినట్లు సంఘం మినిట్సు పుస్తకంలో వ్రాయించి వచ్చాము. ఆమె ఇప్పుడు స్టీలు క్యానులో పోస్తున్నారు. వాడుకవారు తిరిగి ఆమె వద్దనే తీసుకుంటున్నారు.