స్క్వాట్, డెడ్‌లిఫ్ట్: కొత్తవారు ముందుగా గుర్తించవలసిన తేడా

బరువులతో చేసే వ్యాయామాల్లో స్క్వాట్, డెడ్‌లిఫ్ట్ ప్రధానమైనవి. ప్లేట్లు తొడిగిన బార్‌ను వీపు పైభాగాన మోస్తూ కిందికి కూర్చుని తిరిగి లేవడం స్క్వాట్ కాగా, నేలమీద నిశ్చలంగా ఉన్న బార్‌ను చేతులతో పట్టి నిటారుగా నిలబడేంతవరకు ఎత్తడం డెడ్‌లిఫ్ట్. బెంచ్ ప్రెస్‌తో కలిపి ఈ మూడూ పవర్‌లిఫ్టింగ్ పోటీల్లోని అంశాలు. ఒలింపిక్స్‌లో కనిపించే వెయిట్‌లిఫ్టింగ్ వేరే క్రీడ అయినప్పటికీ, 2000లో సిడ్నీలో కాంస్య పతకం గెలిచిన శ్రీకాకుళం జిల్లా క్రీడాకారిణి కరణం మల్లీశ్వరి ప్రదర్శించిన స్నాచ్, క్లీన్ అండ్ జెర్క్‌లలో సైతం బార్ నేలను వీడే దశ డెడ్‌లిఫ్ట్‌ను, దాని కింద కూర్చుని లేచే దశ స్క్వాట్‌ను పోలి ఉంటాయి. తాలింఖానాల్లో పహిల్వాన్లు తీసే బస్కీలు కూడా బరువు లేని స్క్వాట్లే కనుక ఈ కదలికలు తెలుగువారికి పూర్తిగా కొత్తవి కావు.

రెండింటిలోనూ కాళ్లు, నడుము పనిచేస్తాయి కాబట్టి కొత్తవారు వాటిని ఒకే పద్ధతిలో చేయబోతారు. తొలి రోజుల్లో జరిగే పొరపాట్లలో చాలావాటికి మూలం ఇదే. స్క్వాట్‌లో మోకాలు, తుంటి, చీలమండ మూడూ బాగా వంగుతాయి కనుక తొడ ముందుభాగంలోని క్వాడ్రిసెప్స్ కండరాలు, పిరుదుల కండరాలు ఎక్కువ భారం మోస్తాయి. డెడ్‌లిఫ్ట్‌లో మోకాలి వంపు తక్కువ. తలుపు బందుమీద తిరిగినట్టు మొండెం తుంటి దగ్గర ముందుకు వంగి తిరిగి నిలబడుతుంది కనుక పిరుదులు, తొడ వెనుకభాగంలోని హ్యామ్‌స్ట్రింగ్స్, వెన్నెముకకు ఇరువైపులా నిలువుగా సాగే కండరాలు ప్రధానంగా శ్రమిస్తాయి. ఆరంభంలోనూ తేడా ఉంది. స్క్వాట్ దిగడంతో మొదలవుతుంది కాబట్టి శక్తి చాలనప్పుడు మనిషి బరువు కింద చిక్కుకుంటాడు. డెడ్‌లిఫ్ట్ నేలనుంచి మొదలవుతుంది కాబట్టి చేతగాకపోతే బార్‌ను కింద పెట్టేయవచ్చు గానీ, ఎలాగైనా లేపాలన్న పట్టుదలలో నడుము గుండ్రంగా వంగిపోయే ప్రమాదం ఉంటుంది.

స్క్వాట్ సాధన

స్క్వాట్‌ను బరువు లేకుండా, వెనుక మోకాలి ఎత్తు బల్ల పెట్టుకుని మొదలుపెట్టడం మంచిది. పాదాలను ఇంచుమించు భుజాల వెడల్పున ఉంచి, వేళ్లను కొద్దిగా బయటికి తిప్పి, తుంటిని, మోకాళ్లను ఒకేసారి వంచుతూ బల్లను తాకీ తాకనట్టు దిగి లేవాలి. శరీరభారం మడమ, బొటనవేలి మొదలు, చిటికెనవేలి మొదలు అనే మూడుచోట్లా సమంగా ఆనాలి. మోకాళ్లు లోపలికి ఒరగకుండా వేళ్లు చూపే దిశలోనే కదలాలి. ఇది కుదిరాక ఒక డంబెల్‌ను గానీ కెటిల్‌బెల్‌ను గానీ ఛాతీకి ఆనించి పట్టుకుని చేసే గోబ్లెట్ స్క్వాట్‌కు వెళ్లవచ్చు. ముందున్న బరువు వెనక్కి తూలకుండా ఆపుతుంది కనుక లోతుగా కూర్చోవడం సులువవుతుంది. మడమలు లేచిపోతుంటే సాధారణంగా చీలమండ బిగువే కారణం. అది సడలేంతవరకు మడమల కింద పలచటి ప్లేట్లు పెట్టుకోవచ్చు.

మోకాళ్లు కాలివేళ్లను దాటరాదన్న నియమం జిమ్‌లలో తరచుగా వినిపిస్తుంది. పలకను అడ్డుపెట్టి మోకాళ్లను ముందుకు పోనీయకుండా చేయించిన 2003 నాటి పరిశోధనలో మోకాలిపై భారం కొంత తగ్గినా, మొండెం మరింత ముందుకు వంగి తుంటిపై భారం అనేక రెట్లు పెరిగింది. తొడ ఎముక పొడవుగా ఉన్నవారికి మోకాళ్లు ముందుకు రావడం సహజం కూడా. లోతైన స్క్వాట్ మోకాలి లిగమెంట్లను, అంటే ఎముకలను కలిపి ఉంచే పట్టీలను, వదులు చేస్తుందని 1961లో అమెరికా పరిశోధకుడు కార్ల్ క్లైన్ చేసిన వాదనను తరువాతి పరిశోధనలు బలపరచలేదు. అందువల్ల వేళ్ల గీతకన్నా, మడమలు నేలను వీడకుండా, నడుము సహజమైన వంపు చెడకుండా ఎంత లోతుకు దిగగలరన్నదే కొత్తవారికి సరైన హద్దు.

గోబ్లెట్ స్క్వాట్ కుదిరాకే బార్. వెయిట్‌లిఫ్టింగ్ పోటీల్లో పురుషుల బార్ బరువు 20 కిలోలు, మహిళలది 15 కిలోలు. ఏ ప్లేటూ లేని బార్ సైతం చాలామందికి తొలి వారాల్లో చాలినంత భారమే. దాన్ని మెడ ఎముకపై కాక భుజాల మధ్యనున్న కండరాల దిండుపై ఆనించాలి. బార్‌ను నిలిపే ర్యాక్‌లోని అడ్డకమ్మీలను, స్క్వాట్ అడుగున బార్ చేరే ఎత్తుకు కొంచెం దిగువన అమర్చుకుని, లేవలేనప్పుడు బార్‌ను వాటిపైకి ఎలా దించాలో ఖాళీ బార్‌తోనే ముందుగా అభ్యసించాలి.

డెడ్‌లిఫ్ట్ సాధన

డెడ్‌లిఫ్ట్‌లో మొదటి పాఠం తుంటి దగ్గర వంగడం. గోడకు ఒక అడుగు దూరంలో వీపు తిప్పి నిలబడి, మోకాళ్లను స్వల్పంగా సడలించి, నడుము వంచకుండా పిరుదులను వెనక్కి నెట్టి గోడను తాకించాలి; తల వెనుకభాగాన్ని, వీపును, వెన్ను చివరను తాకేలా ఒక కర్రను వెన్నువెంట పట్టుకుంటే, అది ఏదో ఒకచోట వీడినప్పుడు తప్పు వెంటనే తెలుస్తుంది. తరువాతి మెట్టు రొమేనియన్ డెడ్‌లిఫ్ట్. ఇందులో నిలబడిన స్థితినుంచి తేలికైన బార్‌ను తొడలవెంట జార్చుతూ మోకాళ్లు దాటేవరకు దించి, తొడ వెనుక బిగువు తెలియగానే తిరిగి లేస్తారు.

నేలనుంచి ఎత్తేటప్పుడు బార్ ఎత్తు ముఖ్యం. పోటీల్లో వాడే పెద్ద ప్లేట్ల వ్యాసం 45 సెంటీమీటర్లు కనుక బార్ నేలకు సుమారు 22.5 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. కొత్తవారు చిన్న ప్లేట్లు తొడిగితే బార్ మరింత కిందికి దిగి, తేలిక బరువుకే అతిగా వంగవలసి వస్తుంది. అటువంటప్పుడు ప్లేట్ల కింద దిమ్మెలు పెట్టి ఎత్తును సరిచేసుకోవాలి. బార్ పాదం మధ్యభాగానికి సరిగ్గా పైన ఉండాలి, చేతులు తిన్నగా వేలాడాలి, ఎత్తుతున్నంతసేపూ బార్ కాళ్లను ఆనుకునే కదలాలి. అది తుంటికి ఎంత దూరమైతే నడుముపై తిప్పుడుబలం అంత పెరుగుతుంది. స్క్వాట్‌లో మాదిరిగా పిరుదులను బాగా కిందికి దించి మొదలుపెడితే, బార్ కదలకముందే పిరుదులు పైకి లేచిపోయి ఆ ప్రయత్నం వృథా అవుతుంది. పైకి చేరాక వెనక్కి వాలడం అనవసరం. మెత్తని అడుగు ఉన్న పరుగు బూట్లు భారం కింద అణిగి ఊగుతాయి కాబట్టి రెండు వ్యాయామాలకూ గట్టి అడుగున్న బూట్లే తగినవి.

ఊపిరి, బరువు, విశ్రాంతి

ఎత్తేముందు ఊపిరి నిండా తీసుకుని పొట్ట చుట్టూ కండరాలను బిగిస్తే ఉదరంలో పెరిగే ఒత్తిడి వెన్నెముకకు ఆసరా అవుతుంది. ఊపిరిని బిగపట్టి ఇలా చేయడాన్ని 17, 18వ శతాబ్దాల ఇటలీ వైద్యుడు ఆంటోనియో వల్సాల్వా పేరిట వల్సాల్వా పద్ధతి అంటారు. ఆ క్షణాల్లో రక్తపోటు బాగా పెరుగుతుంది కాబట్టి అధిక రక్తపోటు, గుండెజబ్బు, హెర్నియా ఉన్నవారు, ఇటీవల శస్త్రచికిత్స జరిగినవారు, గర్భిణులు ముందుగా వైద్యుని సలహా తీసుకోవాలి.

వారానికి రెండు మూడు రోజులు, మధ్యలో కనీసం ఒకరోజు విరామంతో చేయడం తొలి దశకు చాలు. వరుసగా చేసే ఎత్తుల సముదాయాన్ని సెట్ అని, అందులోని ఒక్కో ఎత్తును రెప్ అని అంటారు. ఐదు నుంచి ఎనిమిది రెప్‌ల చొప్పున మూడు సెట్లు చేస్తూ, ఇంకా రెండు మూడు రెప్‌లు చేయగల శక్తి ఉండగానే ఆపాలి. నడుము త్వరగా అలసిపోతుంది కనుక రెండూ ఒకేరోజు చేసేవారు డెడ్‌లిఫ్ట్ సెట్లను తగ్గించుకోవచ్చు. బరువును ఒక్కసారికి రెండున్నర కిలోలకు మించకుండా పెంచడం క్షేమం. మొదటి వారాల్లో కనిపించే బలవృద్ధిలో అధికభాగం, ఉన్న కండరాలను నాడీవ్యవస్థ మెరుగ్గా వాడుకోవడం నేర్చినందువల్ల వచ్చేది. కండరాన్ని ఎముకకు కలిపే స్నాయువులు అంతకన్నా నెమ్మదిగా గట్టిపడతాయి. ఎత్తగలిగినంత మాత్రాన కీళ్లు సిద్ధమైనట్టు భావించరాదనడానికి కారణం ఇదే. వ్యాయామం తరువాత ఒకటి రెండు రోజులకు కండరాల్లో కలిగే మందకొడి నొప్పి సహజమే గానీ, కీలులో పొడిచినట్టుండే నొప్పి, నడుమునుంచి కాలిలోకి పాకే నొప్పి, తిమ్మిరి కనిపిస్తే ఆపి వైద్యుని కలవాలి.

ఈ జాగ్రత్తలు భయపెట్టడానికి కావు. ఎముకల సాంద్రత తగ్గిన, రుతుక్రమం ఆగిపోయిన మహిళలతో ఆస్ట్రేలియాలో జరిపి 2018లో ప్రచురించిన అధ్యయనంలో, నిపుణుల పర్యవేక్షణలో ఎనిమిది నెలలపాటు వారానికి రెండుసార్లు స్క్వాట్, డెడ్‌లిఫ్ట్ సహా భారీ బరువుల వ్యాయామాలు చేసినవారికి నడుము వెన్నెముకలో ఎముక సాంద్రత మెరుగుపడింది. వారు కూడా తొలుత తేలిక బరువులతో కదలికలు నేర్చుకున్నాకే భారం పెంచారు. అనుభవజ్ఞుడైన కోచ్ అందుబాటులో లేనివారు పక్కనుంచి ఫోన్‌తో చిత్రీకరించుకుని, సెట్‌లోని చివరి రెప్‌ను మొదటిదానితో పోల్చి చూసుకోవచ్చు. రెండూ ఒకేలా ఉన్నప్పుడే తదుపరి బరువుకు వెళ్లాలి. తేడా కనిపిస్తే కష్టం లేకుండా ఎత్తినట్టు అనిపించినా అదే బరువుతో మరో వారం సాధన చేయాలి.