తక్కువ బొగ్గుతో ఎక్కువ విద్యుత్తు: అధునాతన థర్మల్ సాంకేతికతకు కేంద్ర పరిశోధన నిధులు

బొగ్గు ఆధారిత విద్యుదుత్పత్తిలో కాలుష్యాన్ని తగ్గించే దిశగా కేంద్ర ప్రభుత్వం చేపట్టిన పరిశోధన కార్యక్రమాలలో 'అడ్వాన్స్‌డ్ అల్ట్రా సూపర్ క్రిటికల్' సాంకేతికత అభివృద్ధి పథకం ప్రధానమైనది. దీనికి 1,554 కోట్ల రూపాయల అంచనా వ్యయంతో కేంద్ర మంత్రివర్గ ఆర్థిక వ్యవహారాల సంఘం 2016 ఆగస్టులో ఆమోదం తెలిపింది. ఈ సాంకేతికతను దేశీయంగా రూపొందించే పని పూర్తయినట్లు ఆర్థిక మంత్రి శ్రీమతి నిర్మలా సీతారామన్ 2024 జూలై 23న బడ్జెట్ ప్రసంగంలో ప్రకటించారు. పథకానికి అత్యవసరమైన ప్రత్యేక లోహపు గొట్టాలను రూపొందించడంలో హైదరాబాద్‌లోని రెండు కేంద్ర ప్రభుత్వ సంస్థలు భాగస్వాములు కావడం విశేషం.

సామర్థ్యమే కీలకం

థర్మల్ కేంద్రంలో బొగ్గును మండించి నీటిని ఆవిరిగా మార్చి, ఆ ఆవిరితో టర్బైన్‌ను తిప్పి విద్యుత్తును ఉత్పత్తి చేస్తారు. ఆవిరి ఉష్ణోగ్రత, పీడనం పెరిగేకొద్దీ అదే బొగ్గు నుండి ఎక్కువ విద్యుత్తు లభిస్తుంది. నీరు 374 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రతను, సుమారు 221 బార్ల పీడనాన్ని దాటినప్పుడు ద్రవానికి, ఆవిరికి మధ్య భేదం ఉండదు. ఈ స్థితికి పైన పనిచేసే కేంద్రాలను సూపర్ క్రిటికల్ కేంద్రాలంటారు. కృష్ణపట్నంలోని 800 మెగావాట్ల యూనిట్లు, కొత్తగూడెంలో 2018లో ప్రారంభమైన 800 మెగావాట్ల యూనిట్ ఈ తరగతికి చెందినవే.

పాత తరహా కేంద్రాల సామర్థ్యం సుమారు 38 శాతం కాగా, సూపర్ క్రిటికల్ కేంద్రాలలో ఇది 41 నుండి 42 శాతం వరకు ఉంటుంది. కొత్త సాంకేతికతలో ఆవిరి ఉష్ణోగ్రతను 710 డిగ్రీలకు, పీడనాన్ని చదరపు సెంటీమీటరుకు 310 కిలోలకు పెంచి 46 శాతం సామర్థ్యాన్ని సాధించాలన్నది లక్ష్యం. అంటే పాత తరహా కేంద్రం 100 టన్నుల బొగ్గుతో ఇచ్చే విద్యుత్తును ఇది సుమారు 83 టన్నులతోనే ఇవ్వగలదు. వినియోగించే బొగ్గు తగ్గిన మేరకు బొగ్గుపులుసు వాయువు, బూడిద కూడా తగ్గుతాయి. సూపర్ క్రిటికల్ కేంద్రాలతో పోల్చినా బొగ్గుపులుసు వాయువు సుమారు 11 శాతం తగ్గుతుంది.

అసలు సమస్య లోహానిదే

ఇంతటి ఉష్ణోగ్రతకు, పీడనానికి సాధారణ ఉక్కు నిలువలేదు. ఎడతెగని వేడిలో, ఒత్తిడిలో లోహం క్రమంగా సాగి చివరకు పగులుతుంది. అందువల్ల బాయిలర్ గొట్టాలకు, టర్బైన్ భాగాలకు నికెల్ ప్రధానంగా ఉండి క్రోమియం, కోబాల్ట్, మాలిబ్డినం కలిసిన మిశ్రమ లోహాలు అవసరమవుతాయి. ఇటువంటి లోహాల దృఢత్వాన్ని లక్ష గంటల వాడకాన్ని ప్రమాణంగా తీసుకుని అంచనా వేస్తారు. లక్ష గంటలంటే 11 సంవత్సరాలకు పైమాటే. ఇంత దీర్ఘకాలం, ఇంత వ్యయంతో, ఫలితం ముందుగా తెలియని పరిశోధనకు ఏ ఒక్క సంస్థా ఒంటరిగా పూనుకోవడం కష్టం. ప్రభుత్వ నిధుల ఆవశ్యకత ఇక్కడే ఏర్పడింది. ఐరోపా దేశాలు, అమెరికా, జపాన్ కూడా ఈ తరహా పరిశోధనలకు ప్రభుత్వ సహాయాన్ని అందించాయి.

ఎవరి వాటా ఎంత?

భెల్, ఎన్.టి.పి.సి., కల్పాక్కంలోని ఇందిరాగాంధీ అణు పరిశోధన కేంద్రం 2010లో ఒప్పందం కుదుర్చుకుని సంయుక్తంగా ఈ కార్యక్రమాన్ని చేపట్టాయి. 2016లో ఆమోదించిన 1,554 కోట్ల రూపాయలలో భారీ పరిశ్రమల శాఖ 900 కోట్లు, శాస్త్ర సాంకేతిక విభాగం 100 కోట్లు, ఇందిరాగాంధీ అణు పరిశోధన కేంద్రం 234 కోట్లు, భెల్ 270 కోట్లు, ఎన్.టి.పి.సి. 50 కోట్లు భరించేలా నిర్ణయించారు. అనగా సుమారు ఐదింట నాలుగు వంతుల వ్యయాన్ని ప్రభుత్వ శాఖలు, ప్రభుత్వ పరిశోధన కేంద్రం భరించగా, మిగిలినది రెండు ప్రభుత్వరంగ సంస్థల వాటా. ఈ మొత్తం పరిశోధనకు, రూపకల్పనకు మాత్రమే ఉద్దేశించినది. విద్యుత్ కేంద్రం నిర్మాణ వ్యయం ఇందులో భాగం కాదన్న విషయాన్ని గమనించవలసి ఉంది.

హైదరాబాద్ సంస్థల పాత్ర

బాయిలర్ గొట్టాలకు అవసరమైన నికెల్ మిశ్రమ లోహాన్ని, రాగి కలిపిన ప్రత్యేక స్టెయిన్‌లెస్ స్టీలును దేశీయంగా రూపొందించడంలో హైదరాబాద్‌లోని మిశ్ర ధాతు నిగమ్, న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ కల్పాక్కం శాస్త్రవేత్తలతో కలిసి పనిచేశాయి. రక్షణ, అంతరిక్ష రంగాలకు లోహాలను అందించే మిధాని, అణు విద్యుత్ కేంద్రాలకు ఇంధనాన్ని తయారుచేసే న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ దశాబ్దాలుగా గడించిన అనుభవం ఈ విధంగా థర్మల్ విద్యుత్ రంగానికి ఉపకరించింది.

పరిశోధన నుండి ఉత్పత్తికి

ఎన్.టి.పి.సి., భెల్ సంయుక్త సంస్థ ద్వారా 800 మెగావాట్ల పూర్తి స్థాయి వాణిజ్య కేంద్రాన్ని నెలకొల్పుతామని, అందుకు అవసరమైన ఆర్థిక సహాయాన్ని ప్రభుత్వం అందిస్తుందని 2024 బడ్జెట్ ప్రసంగంలో పేర్కొన్నారు. మేలురకపు ఉక్కు, ఇతర ప్రత్యేక లోహాల తయారీ సామర్థ్యం దేశంలో పెరగడం వల్ల ఇతర ప్రయోజనాలు కూడా చేకూరుతాయని ఆ ప్రసంగంలో వివరించారు.

అయితే ఈ సాంకేతికతను పాత యూనిట్లకు నేరుగా జోడించడం సాధ్యం కాదు. బాయిలర్, టర్బైన్ కొత్త లోహాలతో కొత్తగా నిర్మించవలసినవే. ఇది బొగ్గు వినియోగాన్ని తగ్గించే మార్గమే గాని కాలుష్యాన్ని పూర్తిగా తొలగించేది కాదు. ప్రయోగశాలలో నెగ్గిన లోహం విద్యుత్ కేంద్రంలో ఏళ్ల తరబడి నిలిచి, యూనిట్ విద్యుత్తు ధర అందుబాటులో ఉన్ననాడే పరిశోధనపై వెచ్చించిన ప్రజాధనం సార్థకమవుతుంది.