ఇంగ్లిష్‌లో వినడం కూడా పనే!



స్కూల్ నుంచి రాగానే మీ పాప బ్యాగ్ పడేసి, ఏం అడిగినా "ఏమో" అంటోందా? బద్ధకం అనుకోకండి. రోజంతా ఇంగ్లిష్‌లో పాఠాలు విని అలసిపోయి ఉండవచ్చు.

తెలుగు వింటున్నప్పుడు మెదడు రాబోయే మాటను ముందే ఊహిస్తుంది. ఒకటి రెండు మాటలు వినపడకపోయినా విషయం అర్థమైపోతుంది. కొత్తగా నేర్చుకుంటున్న భాషలో ఆ ఊహ అంత తొందరగా అందదు. ఒక్కో మాటకూ అర్థం వెతుక్కుంటూ, వాక్యం పూర్తయ్యేదాకా గుర్తుంచుకోవాలి. ఈలోగా టీచర్ తర్వాతి వాక్యంలో ఉంటారు.

ఈ శ్రమ కంట్లో కూడా తెలుస్తుంది. మెదడుకు పని పెరిగితే కంటిపాప కొద్దిగా పెద్దదవుతుంది. అంకెలు గుర్తుపెట్టుకునేవారిలో ఈ మార్పును 1966లో డేనియల్ కానమన్, జాక్సన్ బీటీ కొలిచి చూపించారు. వినడంలోని శ్రమను కొలవడానికి పరిశోధకులు ఇప్పుడు ఈ పద్ధతినీ వాడుతున్నారు.

ఇంట్లో మీరు చేయగలిగినవి:

• రాగానే ప్రశ్నలు వద్దు. కాసేపు ఆడుకోనివ్వండి.
• "ఈరోజు సైన్స్‌లో ఏం చెప్పారు?" అని తెలుగులోనే అడగండి. సొంత మాటల్లో చెప్పగలిగితే పాఠం అర్థమైనట్టే.
• ఇంగ్లిష్ కథ వింటున్నప్పుడు టీవీ కట్టేయండి. చప్పుడులో రెండో భాష వినడం మరీ కష్టం.
• తెలుగులో పిలిచినా మాటిమాటికీ "ఆఁ?" అంటుంటే మాత్రం చెవులు పరీక్ష చేయించండి.

భాష అలవాటయ్యే కొద్దీ ఈ శ్రమ తగ్గుతుంది. అందాకా ఓపిక పట్టండి.