శ్రీహరికోట గ్యాలరీ సీటుకు ఎన్ని సర్వర్లు కావాలి?

2023 ఆగస్టు 23 సాయంత్రం చంద్రయాన్-3 చంద్రుడి మీద దిగుతున్న వేళ, ఇస్రో యూట్యూబ్ ప్రసారాన్ని ఏకకాలంలో 80 లక్షల మందికి పైగా చూశారు. ఒక్కొక్కరికి సెకనుకు 1 మెగాబిట్ చొప్పున వేసుకున్నా మొత్తం 8 టెరాబిట్లు. ఏ ఒక్క కార్యాలయంలోని సర్వర్లకూ అంత మోసే శక్తి ఉండదు. అయినా ప్రసారం సాఫీగా సాగింది. అందరికీ కావాల్సింది ఒకే దృశ్యం కాబట్టి దాని నకళ్లను చూసేవాళ్లకు దగ్గర్లోని సర్వర్లలో పెడితే సరిపోయింది.

రాకెట్‌ను కళ్లారా చూడాలనుకునేవాళ్ల లెక్క వేరు. సూళ్లూరుపేట నుంచి పులికాట్ సరస్సు మీదుగా 18 కిలోమీటర్లు వెళ్తే శ్రీహరికోట. 2022 ఏప్రిల్‌లో తిరుపతి జిల్లాలో చేరినా, 1971లో తొలి రోహిణి రాకెట్ ఎగిరిన నాటి నుంచి జనం దాన్ని నెల్లూరు తీరంగానే ఎరుగుదురు. 2019లో అక్కడి ఇస్రో ప్రయోగ కేంద్రం షార్ ప్రజల కోసం 5 వేల మంది పట్టే గ్యాలరీ తెరిచింది. లోపలికి వెళ్లాలంటే ముందే ఆన్‌లైన్లో పేరు నమోదు చేసుకోవాలి.

ఇలాంటి నమోదు ఫారం నడపాల్సి వచ్చిన బృందంలో ఒక ప్రశ్న తప్పకుండా లేస్తుంది: పేజీలు, బొమ్మలు పంపే వెబ్ సర్వర్‌ను, సీటు ఉందో లేదో తేల్చే అప్లికేషన్ సర్వర్‌ను ఒకే మెషీన్‌లో ఉంచాలా, వేర్వేరు మెషీన్లలో పెట్టాలా? కింది అంకెలు షార్‌వి కావు. అలాంటి ఫారం ఒకటి ఊహించుకుని వేసిన లెక్కలు.

నమోదు మొదలైన 10 నిమిషాల్లో 60 వేల మంది వచ్చారనుకుందాం. ఒక్కొక్కరి బ్రౌజర్ 30 బొమ్మలు, స్టైల్ ఫైళ్లు అడుగుతుంది. మొత్తం 18 లక్షలు, అంటే సెకనుకు 3,000. ఇక ఫారం తెరవడం, ఓటీపీ, వివరాలు, సమర్పణ కలిపి మనిషికి 4 చొప్పున సెకనుకు 400. అసలు పని ఈ 400దే. ఒక్కోదానికి పావు సెకను పడితే ఏ క్షణంలో చూసినా 100 థ్రెడ్లు, అంటే ఒక్కో రిక్వెస్ట్ పని చూసే 100 పనివాళ్లు, పనిలో ఉంటాయి. టామ్‌క్యాట్ అనే అప్లికేషన్ సర్వర్ మామూలుగా ఇచ్చే గరిష్ఠ సంఖ్య 200. ఇక్కడికి బాగానే ఉంది.

చిక్కు ఫొటో దగ్గర వస్తుంది. ఫారం గుర్తింపు కార్డు ఫొటో అడిగిందనుకోండి. సిగ్నల్ అంతంతమాత్రంగా ఉన్న తీరగ్రామంలో ఒకరు 1 ఎంబీ ఫొటో పంపుతున్నారు. అప్‌లోడ్ వేగం సెకనుకు 1 మెగాబిట్. ఫొటో 8 మెగాబిట్లు కాబట్టి 8 సెకన్లు పడుతుంది. యాప్ సర్వర్ ఆ ఫోన్‌తో నేరుగా మాట్లాడుతూ, మామూలు పద్ధతిలో ఫొటోను చదువుతుంటే, ఆ 8 సెకన్లూ ఒక థ్రెడ్ చేతులు కట్టుకుని కూర్చోవాలి. సెకనుకు 100 ఫొటోలు వస్తే 800 థ్రెడ్లు కావాలి. ఉన్నవి 200. లెక్కలు వేయాల్సిన ప్రాసెసర్ ఖాళీగానే ఉంటుంది, జనానికి మాత్రం పేజీ తిరుగుతూనే ఉంటుంది.

ముందు ఎన్‌జిన్‌ఎక్స్ లాంటి వెబ్ సర్వర్ పెడితే ఆ నిరీక్షణ భారం అది తీసుకుంటుంది. ఒక్కో కనెక్షన్‌కు ఒక థ్రెడ్ కేటాయించే పద్ధతి దానిది కాదు. ఖాళీగా ఉన్న 10 వేల కనెక్షన్లకు దానికి పట్టే మెమరీ 2.5 ఎంబీ మాత్రమే. ఫొటో మొత్తం చేరాకే యాప్‌కు అందిస్తుంది. 1 గిగాబిట్ లోపలి నెట్‌వర్క్‌లో ఆ అందింపు 8 మిల్లీసెకన్ల పని. 800 థ్రెడ్ల అవసరం కాస్తా ఒక్క థ్రెడ్‌కు దిగివస్తుంది. (మామూలు సెట్టింగులో ఎన్‌జిన్‌ఎక్స్ 1 ఎంబీ దాటిన ఫైలును 413 ఎర్రర్ చూపి తిప్పికొడుతుంది. నేటి ఫోన్ ఫొటోలు ఆ గీత ఇట్టే దాటుతాయి. ముందే పెంచుకోవాలి.)

గమనించాల్సింది ఏమిటంటే, ఈ లాభమంతా వెబ్ సర్వర్‌ను వేరే ప్రోగ్రామ్‌గా నడపడం వల్ల వచ్చింది. దానికి వేరే మెషీన్ అక్కర్లేదు. నిజానికి ఫొటోల రాక సెకనుకు 800 మెగాబిట్లు. వెబ్ సర్వర్‌ను విడిగా పెడితే అవే 800 మెగాబిట్లు లోపలి నెట్‌వర్క్‌లో మరోసారి ప్రయాణించాలి.

మెషీన్లు వేరైతే ఆలస్యం పెరుగుతుందని కొందరు భయపడతారు. ఒకే డేటాసెంటర్‌లో వెళ్లి రావడానికి అర మిల్లీసెకను పడుతుంది. 250 మిల్లీసెకన్ల పని ముందు అది లెక్కలోకి రాదు. నిజంగా భయపడాల్సిన అంకె మరొకటి ఉంది. ఒక్కో మెషీన్ 99.9 శాతం సమయం పనిచేస్తుందనుకుంటే ఏడాదిలోని 8,760 గంటల్లో సుమారు 8 గంటల 45 నిమిషాలు ఆగుతుంది. వెబ్ ఒకదానిలో, యాప్ ఒకదానిలో పెడితే ఏది ఆగినా సైటు ఆగినట్టే. ఆ సమయం 17 గంటల 30 నిమిషాలకు చేరుతుంది. అవే రెండు మెషీన్లలో రెండు ప్రోగ్రాములనూ నడిపి, రద్దీని చెరిసగం పంచితే, రెండూ ఒకేసారి ఆగే సమయం ఏడాదికి 32 సెకన్లకు మించదు. ఇది కాగితం మీది లెక్కే. రెండింటికీ కరెంటు ఒక్కటే అయినా, రెండింటిలో ఒకే బగ్ ఉన్నా నిలబడదు. అయినా తేడా ఎంత పెద్దదంటే, రెండు మెషీన్లే ఉన్నవాళ్లు విడదీయకూడదని నేను గట్టిగా చెబుతాను. రెండో మెషీన్ కొనే డబ్బుతో రెండో నకలు పెట్టుకోండి.

భద్రత కోసం విడదీయాలనే వాదనను తోసిపుచ్చను. జనం వివరాలున్న డేటాబేస్ తాళంచెవులు బయటి నెట్‌కు ఎదురుగా ఉన్న మెషీన్‌లో లేకపోవడం మేలే. కానీ ఆ గోడ ఎంతవరకు ఆపుతుందో తెలిసి కట్టాలి. 2017లో అమెరికాలో ఈక్విఫాక్స్ సంస్థ నుంచి సుమారు 14.7 కోట్ల మంది వివరాలు పోయాయి. దొంగలు దూరింది అపాచీ స్ట్రట్స్ అనే వెబ్ అప్లికేషన్ ఫ్రేమ్‌వర్క్‌లోని లోపం గుండా, అంటే అప్లికేషన్ పొరలోంచి. అలాంటి రిక్వెస్ట్ పైకి మామూలుగానే కనిపిస్తుంది, ముందున్న వెబ్ సర్వర్ దాన్ని మర్యాదగా లోపలికి పంపేస్తుంది. ఆ లోపానికి ప్యాచ్ మార్చిలోనే వచ్చింది. వేసి ఉంటే ఆగేది.

విడదీయాల్సిన రోజు అంకెల్లోనే తెలుస్తుంది. యాప్ మెషీన్లు ఐదారుకు పెరిగి, వెబ్ పనికి రెండు చాలినప్పుడు రెండు పొరలను విడివిడిగా పెంచుకోవడం చవక. ఎన్‌క్రిప్షన్, ఫైళ్ల కుదింపు ప్రాసెసర్‌లో పెద్ద భాగం తినేసి యాప్‌కు అడ్డుపడుతున్నా అంతే. ఆ 3,000 బొమ్మల రద్దీని మాత్రం అంతకంటే ముందే సీడీఎన్‌కు, అంటే చూసేవాళ్లకు దగ్గర్లో నకళ్లు ఉంచే సర్వర్లకు, అప్పగించవచ్చు. 80 లక్షల మందికి చంద్రుణ్ని చూపించిన ఉపాయం అదే.

అన్నీ చేశాక కూడా 5 వేల సీట్లకు 60 వేల మంది ఉంటారు. చివరి సీటును ఇద్దరికి ఇవ్వకుండా చూసేది డేటాబేస్‌లోని ఒక్క వరుస మీద పడే తాళం. ఆ తాళం 5 మిల్లీసెకన్లు పడితే, ఒకే కౌంటర్ మీద సెకనుకు 200 సీట్లకు మించి ఇవ్వలేరు. ముందు వెబ్ సర్వర్లు రెండున్నా ఇరవై ఉన్నా ఆ 200 మారదు. ఆ గరిష్ఠ వేగంతో ఇస్తే 5 వేల సీట్లకు 25 సెకన్లు చాలు. మిగిలిన 55 వేల మందికి "సీట్లు నిండాయి" అనే పేజీని వెబ్ సర్వర్ యాప్‌ను కదపకుండానే చూపించగలగాలి. నేనైతే మొదట పరీక్షించేది ఆ పేజీనే.