ప్లాను తిరిగివస్తే కాగితం మీదే దిద్దుకోవాలి

చెరువు పక్కన హోటలు కట్టదలచినవారికి మాదాపూర్ నేర్పిన పాఠం

మాదాపూర్: కాగితం మీద గీత తప్పితే రబ్బరుతో చెరిపేయవచ్చు. కాంక్రీటుతో కట్టాక తప్పని తేలితే జె.సి.బి. రావలసిందే. 2024 ఆగస్టు 24 ఉదయం ఇక్కడి తమ్మిడికుంట ఒడ్డున ఇదే జరిగింది. పెళ్ళిళ్ళకు, విందులకు పేరుపడిన ఎన్ కన్వెన్షన్ హాలును హైడ్రా సిబ్బంది కూల్చివేశారు.

ఈ చెరువు విస్తీర్ణం 29 ఎకరాల 24 గుంటలు. హాలు యజమానులు చెరువు నీటిమట్టం లోపల 1 ఎకరం 12 గుంటలు, దాని చుట్టూ వదలవలసిన బఫర్ స్థలంలో 2 ఎకరాల 18 గుంటలు ఆక్రమించారని హైడ్రా ప్రకటించింది. కట్టడానికి అనుమతి లేదని, క్రమబద్ధీకరణ కోరుతూ పెట్టుకున్న దరఖాస్తు కూడా తిరస్కరణకు గురైందని తెలిపింది. అది పట్టా భూమి అని, చెరువులో అంగుళం కూడా ఆక్రమించలేదని యజమాని వాదన. హైకోర్టు అదే రోజు మధ్యంతర స్టే ఇచ్చింది. అప్పటికే హాలు నేలమట్టమైంది.

ఎవరి వాదన ఎలా ఉన్నా, ఈ సంగతి జిల్లా రైతులకు అక్కరకొచ్చేదే. ఒకప్పుడు మాదాపూర్ కూడా పల్లెటూరే. 1998 నవంబరు 22న సైబర్ టవర్స్ ప్రారంభమైంది. 2001లో సైబరాబాద్ అభివృద్ధి సంస్థ ఏర్పడి 52 చదరపు కిలోమీటర్ల ప్రాంతం దాని కిందికి వచ్చింది. కంపెనీలు వచ్చాయి. వాటి పనిమీద వచ్చేవారికి బస కావలసి వచ్చింది. 2006లో అంతర్జాతీయ సమావేశ కేంద్రం, దాని పక్కనే నోవోటెల్ వెలిశాయి. 2018లో దుర్గం చెరువు దగ్గర ఐ.టి.సి. కోహెనూర్ తలుపులు తెరిచింది. ఇప్పుడు రోడ్డు పక్కన నాలుగు గుంటలున్న ప్రతివారికీ హోటలు ఆలోచనే. ప్లాను గీయించి పంపుతున్నారు. కొన్ని తిరిగి వస్తున్నాయి.

ఎందుకు తిరిగివస్తుంది?

ముఖ్యంగా చూసేవి మూడు: నీరు, రోడ్డు, నిప్పు. 2012 ఏప్రిల్ 7న వెలువడిన 168వ నంబరు జీవోలోని భవన నియమావళి వీటికి ఆధారం. తర్వాత సవరణలు వచ్చాయి గనుక చేతిలో ఉన్న నకలు పాతదేమో చూసుకోవాలి.

ఆ నియమావళి ప్రకారం చెరువు 10 హెక్టార్లు, అంటే సుమారు 25 ఎకరాలు, అంతకు మించి ఉంటే పూర్తి నీటిమట్టం హద్దు నుంచి 30 మీటర్లు వదలాలి. అంతకన్న చిన్న కుంటకు 9 మీటర్లు వదిలితే చాలు. ఎండాకాలంలో నీరెక్కడ ఉందన్నది లెక్కలోకి రాదు. చెరువు నిండి అలుగు పారేనాడు నీరెంత దూరం నిలుస్తుందో అదే హద్దు.

ఇక రోడ్డు. 21 మీటర్ల ఎత్తు కట్టాలంటే ముందు 40 అడుగుల రోడ్డు, చుట్టూ 7 మీటర్ల ఖాళీ ఉండాలి. 30 మీటర్లకైతే 60 అడుగుల రోడ్డు, 10 మీటర్ల ఖాళీ. ఈ ఖాళీ అగ్నిమాపక వాహనం తిరగడానికి. దాని విలువ ఏమిటో 2022 సెప్టెంబరు 12 రాత్రి సికింద్రాబాదులో తెలిసివచ్చింది. ఒక లాడ్జి కింది భాగంలో విద్యుత్ స్కూటర్ల దుకాణం నడుస్తుండగా అక్కడ మంటలు రేగి, పొగ పై అంతస్తులకు పాకింది. 8 మంది చనిపోయారు. సెల్లారు ఉన్నది వాహనాలు నిలపడానికే. దాన్ని దుకాణానికి అద్దెకిస్తే పైన పడుకున్నవారి ప్రాణం మీదికి వస్తుంది.

ఎలా దిద్దుకోవాలి?

ప్లాను తిరిగివచ్చిందంటే హోటలు ఆశ వదులుకోవాలని అర్థం కాదు. తిరస్కరణకు కారణాలేమిటో కాగితం మీద ఉంటాయి. వాటిని ఒక్కొక్కటిగా చదివి, లైసెన్సు ఉన్న ఆర్కిటెక్టుతో ఒక్కొక్కదానికీ జవాబు గీయించాలి. రోడ్డు చాలకపోతే అంతస్తులు తగ్గించాలి. పక్క ఖాళీ చాలకపోతే గోడ లోపలికి జరపాలి. మెట్లు ఒక్కటే ఉంటే రెండోవి చేర్చాలి.

బఫర్‌లోకి గది వెళ్ళి ఉంటే దాన్ని తీసేసి ఆ నేలను తోటగా చూపాలి. కట్టడం కూడదుగాని, బఫర్ స్థలాన్ని ఆవరణలో ఉండవలసిన ఖాళీ మైదానం లెక్కలో చూపుకోవచ్చు. భవనం చుట్టూ వదిలే ఖాళీ కింద మాత్రం చూపరాదు. ఈ ఒక్క తేడా తెలియకనే కొందరు రెండోసారీ బోల్తా పడతారు.

సరిదిద్దిన ప్లానుకు అనుమతి వచ్చేదాకా పునాది తవ్వరాదు. ముందు కట్టి తర్వాత జరిమానా కడదామనే ధీమా పనికిరాదు. 2015 నాటి క్రమబద్ధీకరణ పథకం కోర్టు గుమ్మంలోనే చిక్కుకుంది. దాన్ని నమ్ముకున్నవారు ఏళ్ళ తరబడి ఎదురుచూశారు. అదే పద్ధతిగా వెళితే గడువు తక్కువే. 2020లో వచ్చిన టీఎస్‌బీపాస్ చట్టం పెద్ద కట్టడాలకు 21 రోజుల గడువు పెట్టింది. 2025లో బిల్డ్‌నౌ విధానం వచ్చింది.

రైతు చూసుకోవలసింది

మాదాపూర్ వరకే ఉన్న ఈ వేడి ఇప్పుడు కొల్లూరు, మోకిల, శంకర్‌పల్లి దాకా పాకింది. శిఖం భూమికి పట్టా ఉన్నంత మాత్రాన ఇల్లు కట్టే హక్కు రాదు. నీరు తీసినప్పుడు సాగు చేసుకోవచ్చు, అంతే. అటువంటి భూమిని హోటలుకో, ఫంక్షన్ హాలుకో అమ్మబోయే రైతు, కొనబోయే ఆసామి ఇద్దరూ ముందుగా హెచ్.ఎం.డి.ఎ. చెరువుల పటంలో ఆ సర్వే నంబరు ఎక్కడ పడిందో చూడాలి. బయానా పుచ్చుకోవడం ఆ తర్వాతి మాట.

ఊళ్ళో పెద్దవాళ్ళకు అలుగు ఎక్కడ పారేదో, తూము ఎటు తెరుచుకునేదో ఇప్పటికీ గుర్తే. ప్లాను గీసే ముందు వారిని గట్టు మీదికి ఒకసారి వెంటబెట్టుకుపోతే మేలు.