బొంతకుట్టునకు రింగు వలయునా?

కట్టి కట్టి నలిగి, అంచులు చినిగి, ధరించుటకు పనికిరాకపోయినను పారవేయుటకు మనసొప్పని నూలుచీరలను, పంచెలను ఒకదానిపై నొకటి పరచి, చుట్టును నడుమను కుట్టి, చలికాలమున కప్పుకొనుటకును పసిబిడ్డల క్రింద పరచుటకును బొంతలు చేసికొనుట తెలుగు గృహిణులకు తరతరములుగా తెలిసిన విద్యయే. ఇప్పుడా విద్య 'క్విల్టింగ్' అను క్రొత్తపేరుతో పట్టణములకు తిరిగివచ్చుచున్నది. దానిని నేర్వగోరువారు పలువురు సూదిదారములకన్న ముందుగా దుకాణమునకు పోయి కొయ్యరింగు కొని తెచ్చుకొందురు. అది అవసరమా, అనవసరమా అనుదానికి ఒక్కమాటలో సమాధానము లేదు. ఏలయన అది బొంతలోపల నేమున్నదను దానినిబట్టియు, కుట్టిన పిదప అది యెట్లు కనబడవలెనని మనము కోరుదుమో దానినిబట్టియు తేలవలసిన విషయము.

రింగు చేయు పనిని ముందు చూతము. పాశ్చాత్యుల క్విల్టునందు మూడు పొరలుండును: పైగుడ్డ, అడుగుగుడ్డ, ఆ రెంటి నడుమ దూదియో ఉన్నియో పరచిన మెత్తని పొర. సూది ఈ మూటిని దాటిపోవునప్పుడు నడిమిపొర అణగుచు లేచుచుండును. పైగుడ్డ యొకవైపునకును అడుగుగుడ్డ వేరొకవైపునకును జరుగును. దారము లాగినంతనే ముడుతలు పడును. రెండు కొయ్యవలయముల నడుమ పొరలను పట్టియుంచినచో ఆ జారుడు ఆగుటయే కాక, కుట్టువారి చేతులు రెండును విడుదలయగును. అప్పుడొక చేయి గుడ్డపైన, రెండవది అడుగున నుండగా, సూదిమొన అడుగుచేతి వ్రేలికి తగిలిన తక్షణమే దానిని పైకెగదోయుచు, లోహపు వ్రేలితొడుగుతో సూదివెనుకకొనను పైకిని క్రిందికిని ఊపుచు, మూడునాలుగు కుట్లు ఒక్కమారే సూదిమీది కెక్కించి దారము లాగవచ్చును. అందెవేసిన చేతులవారు అంగుళమునకు 10, 12 కుట్లు వేయగలుగుట ఈ యూపు సాయముననే.

ఎంబ్రాయిడరీ అలవాటుగలవారు ఇచ్చట తరచు పొరబడుదురు. ఎంబ్రాయిడరీ గుడ్డను తప్పెటవలె బిగించుట మంచిదే. క్విల్టు నట్లు బిగించినచో సూది వంగి లేచుటకు చోటే యుండదు. అరచేతితో నొక్కినప్పుడు కొంచెము దిగునంత వదులు దానికి కావలెను. రింగు సైతము పెద్దది, 14 మొదలు 18 అంగుళముల వ్యాసము గలది, దళసరి కొయ్యతో చేసినది కావలెను. పని ఆపి లేచునప్పుడెల్ల దానిని విప్పివేయుట మరువరాదు; దినముల తరబడి యట్లే విడిచినచో కొయ్యయంచు గుర్తులు గుడ్డపై నిలిచిపోవును.

మన బొంతకు పొరలు జారు బాధ అంతగా లేదు. పలుమార్లుతికిన పాతచీరలో గంజి పోయి, నూలు మెత్తబడి, పొరలు ఒకదాని నొకటి అంటిపెట్టుకొనును. నడుమ ఉబ్బెడి దూదిపొర లేనందున జారుడు స్వల్పము. చదునైన నేలయే చట్రమై నిలుచును. దూది నింపిన పరుపులను కుట్టుట దూదేకులవారి వృత్తివిద్య. విల్లుతో ఏకిన దూది ఒకచోటికి పోగుపడకుండ వారు దూరదూరముగా వేయు పెద్దకుట్ల పద్ధతి వేరు.

వంగదేశపు కాంథాయు మన బొంతకు తోబుట్టువే. అచ్చటి స్త్రీలును పాతచీరలను నేలపై పరచి, చీరయంచులనుండి లాగిన రంగుదారములతోనే తామరలను, ఏనుగులను, రథములను కుట్టుచుండెడివారు. జసీముద్దీన్ కవి 1929లో వెలువరించిన 'నక్షీ కాంథార్ మాఠ్' కావ్యమున కథానాయిక దుఃఖము చేరినది అట్టి కాంథాలోనికే. కాంథాను చేతబట్టి చూచినవారికి దాని ఉపరితలమంతయు సన్నని అలలుగా లేచియుండుట తెలియును. దగ్గరదగ్గరగా వేసిన ముందుకుట్టు దారము లాగుటవలన కలిగిన ముడుతలే అవి. ఏ ముడుతను దోషమని యెంచి పాశ్చాత్యులు రింగు బిగింతురో, ఆ ముడుతయే ఇచ్చట అందమైనది! కనుక కాంథాను రింగులో బిగించి చదునుచేయ జూచుట దాని సొగసును తుడిచివేయుటయే యని నా తలంపు.

ఇంతకన్న వింతయైనది ఉత్తర కన్నడ జిల్లాలో సిద్దీ స్త్రీలు కుట్టు కవంద్. వీరు పూర్వము ఆఫ్రికానుండి వచ్చినవారి సంతతి. రింగుతో కుట్టువారు నడుమనుండి ప్రారంభించి, మిగులుగుడ్డను అంచులవైపునకు త్రోసివేయుదురు గదా. సిద్దీ స్త్రీలు మూలనుండి ప్రారంభించి, అంచువెంబడి చుట్టి చుట్టి నడుమకు వత్తురు. రంగురంగుల ముక్కలను ముందుగా అతుకక, కుట్టుచునే ఒక్కొక్కటి పెట్టుకొనుచు పోవుటవలన, ఎచ్చట వదులు కనబడిన నచ్చటనే అది ముక్కలో సర్దుకొనును. కడపట నాలుగు మూలలందును మడత ముక్కలతో పూలను కుట్టుదురు. అవి లేనిది కవంద్ పూర్తికాదని వారి భావము.

అమెరికాలో వెనుకటి కుటుంబములవారు క్విల్టును నాలుగు కొయ్యల పెద్దచట్రమునకు బిగించి, ఇరుగుపొరుగు స్త్రీలు చుట్టును కూర్చుండి కుట్టి, గది కావలసినప్పుడు చట్రమును త్రాళ్లతో ఇంటికప్పువద్దకు లాగివేసెడివారు. ఆ చట్రమునకు తావులేని యింట దాని పనినే రింగు కొంచెముకొంచెముగా చేయును. సన్నని కుట్లే ఘనతయను భ్రమ గలవారు అలబామా రాష్ట్రమున జీస్ బెండ్ నల్లజాతి స్త్రీలు పాత పనిబట్టలతో కుట్టిన క్విల్టులను చూడవలెను. 2002లో హ్యూస్టన్ లలితకళల మ్యూజియమునందు ప్రదర్శింపబడిన ఆ క్విల్టుల చిత్రములతో 2006లో అమెరికా తపాలాశాఖ బిళ్లలనే వెలువరించినది.

రింగున్నను లేకున్నను తప్పనిది టాకాలు వేయుట. అడుగుగుడ్డను ముడుతలు లేకుండ పరచి, తక్కిన పొరలను పేర్చి, నడుమనుండి నలువైపులకు 4 అంగుళములకొక వరుసగా పెద్ద టాకాలు వేసినగాని కుట్టు మొదలుపెట్టరాదు. రింగు లేనివారు వరుసలను ఇంకను దగ్గర చేయవలెను. దారము మూరెడు చాలును. అంతకు మించినచో పీచులేచి చిక్కులుపడును. వరుస ముగిసినప్పుడెల్ల బొటనవ్రేలితో కుట్టును నిమిరి సర్దినచో బిగిసిన దారము సడలును. క్రొత్తగుడ్డ వాడదలచినవారు ముందుగా నానబెట్టి ఆరవేయుట మేలు.

మొదటి బొంతకు రెండు పాతచీరలు, ఒక పెద్దసూది, చదునైన నేల చాలునని నా యభిప్రాయము. దూది పరచి లతలును పూవులును తీర్చిదిద్ద దలచినప్పుడు మాత్రము రింగు కొనవచ్చును. అప్పుడైనను అంచులకు వచ్చుసరికి రింగునకు పట్టుదొరకదు. అంచునకు తాత్కాలికముగా పాతగుడ్డ పీలిక నతికి దానినైనను బిగింపవలెను, లేదా రింగును తీసివేసి, మిగిలిన నాలుగంగుళములను ఒడిలో పెట్టుకొని వట్టిచేతులతోనే కుట్టవలెను.